సత్యభామ ఎవరు? మాధవి ఎవరు?

(రానున్న నృత్యనాటకమునకు పాత్రధారుల ఎంపికను గురించి మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రానున్న దీపావళి సమయమున మన సంఘము పక్షమున భామాకలాపమును నృత్యనాటకముగా ప్రదర్శింపవలెనని కార్యవర్గము తీర్మానించినది. ఆ తీర్మానము వెలువడిన నాటినుండి మన క్వార్టర్లలోను, కూరగాయల బజారులోను, కార్యాలయపు క్యాంటీనులోను వినవచ్చుచున్న ప్రశ్న ఒక్కటే: "సత్యభామ వేషము ఎవరికి?" ఈ విషయమై నాలుగు మాటలు చెప్పవలసినదిగా అధ్యక్షులు నన్ను ఆదేశించిరి. నేను నర్తకుడను కాను. నట్టువాంగము పట్టినవాడను కాను. నాట్యప్రదర్శన ఎక్కడ జరిగినను వెనుక వరుసలో కూర్చుండి, మంగళము పాడువరకు కదలక చూచువాడను. నాకు గల అర్హత అంతియే. వంట చేతగానివాడు సైతము పులుసులో ఉప్పు తక్కువైనదని చెప్పగలడు గదా! ఆపాటి అధికారముతో మాటలాడుచున్నాను.

నా మనవిని ముందుగనే చెప్పి, తరువాత కారణములు చెప్పెదను. మనము అడుగుచున్న ప్రశ్న తప్పు కాదు గాని, అది రెండవ ప్రశ్న. "మాధవి ఎవరు?" అనునది మొదటి ప్రశ్న. ఆ పాత్రకు తగిన మనిషి దొరికిన పిమ్మటనే సత్యభామను వెదకవలెను. వెదకునపుడును వేషము వేషమునకు తగినవారికి చెందవలెనే గాని, మర్యాదగా ఎవరికిని సమర్పింపబడరాదు.

భామాకలాపము అనగానే మనకు మొదట తోచునది సత్యభామ జడ. ఇద్దరు తెర పట్టుకొని నిలుచుందురు. తెర వెనుక గజ్జెలు మ్రోగును. తెర మీదుగా పొడవైన జడ ఒకటి జారి వ్రేలాడును. తనకు సాటి రాగల విద్వాంసుడు సభలో ఉన్నచో ముందుకు రావలసినదని పాత్రధారి విసరిన సవాలు అదియని పెద్దలు చెప్పుదురు. అంతటి అతిశయముతో ప్రవేశించిన సత్యభామ, కృష్ణునితో కలిసి అద్దములో చూచుకొని, ఇద్దరిలో అందము ఎవరిదని తగవు పెట్టుకొనును. కృష్ణుడు అలిగి వెడలిపోవును. పిమ్మట విరహము, చెలికత్తెతో మొర, లేఖ వ్రాయుట, ఎదురుచూపు, కృష్ణుడు వచ్చిన వెనుక మరల వాగ్వాదము, తుదకు సమాధానము. అలంకారశాస్త్రము చెప్పు అష్టవిధ నాయికలలో పలువురు ఈ ఒక్క సత్యభామయందే కనిపింతురు. స్వాధీనపతికగా మొదలిడి, విరహోత్కంఠితయై కుమిలి, ఖండితయై మండిపడి, కలహాంతరితయై పశ్చాత్తాపపడును. మొదట తల ఎత్తి నడచిన పాదములే చివరకు తడబడవలెను. కథ యంతయు ఈ మార్పులోనే కలదు.

ఈ మార్పును సత్యభామ తనంత తాను చూపజాలదు. ఆమెచేత మాటలాడించువారు కావలెను. పెనిమిటి పేరు చెప్పుమని అడిగి, ఆమె సిగ్గుపడుచుండగా సైగలతో, చమత్కారములతో ఆ పేరు పలికించునది మాధవి. కృష్ణునియొద్దకు లేఖ కొనిపోవుటకు ప్రతిఫలముగా ఆమె ముక్కరనే అడిగి, ఇయ్యలేక ఇయ్యలేక ఆమె ఇచ్చుటను మన కన్నులకు కట్టించునది మాధవి. బావిలో నీరు ఎంత ఉన్నను చేద లేనిదే పైకి రాదు. సత్యభామ బావి, మాధవి చేద.

కూచిపూడి సంప్రదాయమున ఈ పాత్రలో మరియొక విశేషము కలదు. కథను నడపు సూత్రధారుడే సత్యభామ ఎదుట మాధవి యగును. ఆ నటుడే కృష్ణుని ఎదుట మాధవుడగును. సత్యభామకు చెలికత్తె, కృష్ణునకు చెలికాడు, మనకు కథ చెప్పు పెద్దమనిషి: మూడును ఒక్కరే. అతడు పాడవలెను, తాళము తెలిసియుండవలెను, సమయస్ఫూర్తితో మాటలాడవలెను, అవసరమైనచో సభలోనివారితోడనే ఒక ముచ్చట పలుకవలెను. అనుభవజ్ఞుడైన గురువు ఆ స్థానమున నిలుచుట ఊరక ఏర్పడిన ఆచారము కాదు.

మన ఔత్సాహిక సంఘములలో సాధారణముగా జరుగునది దీనికి విరుద్ధము. అందరికంటె బాగుగ ఆడు బాలికకు సత్యభామ, రెండవ బాలికకు కృష్ణుడు, మిగిలినవారికి సఖులు. మాధవి వేషము ఎవరును కోరకపోవుటచే చివరి వారమున ఎవరికో అంటగట్టబడును. అప్పుడు సత్యభామ ఎంత చక్కగా ఆడినను, గోడతో మాటలాడుచున్నట్లే యుండును.

కనుక మొదట మాధవిని వెదకుదము. నలువది, ఏబది యేండ్లు దాటిన ఉద్యోగినులు గాని, గృహిణులు గాని, చక్కని తెలుగు నుడికారము గల పెద్దమనుషులు గాని ఈ పాత్రకు ముందుకు రావలెను. మధ్యాహ్న విరామమున పదిమందిని చుట్టు కూర్చుండబెట్టుకొని, ఒక చిన్న సంగతిని సైతము ఆరు పాత్రలుగా అభినయించి చెప్పువారు ప్రతి కార్యాలయమునను ఉందురు. వారికి అడవులు, జతులు అంతగా రాకపోవచ్చును. అవి ఆరు నెలలలో వలసినంత నేర్పవచ్చును. మాట నేర్పుటకు ఆరు నెలలు చాలవు.

కృష్ణపాత్రను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆయన రంగమున కనబడుట తక్కువ, వినబడుట ఎక్కువ. సత్యభామ నోట ఆయన పేరు నాటకమంతయు మ్రోగుచుండును. అందుచేత ఆ పాత్రధారి ఎక్కువ ఆడుటకంటె నిదానముగా నిలుచుట నేర్వవలెను. బాలుడైనను, బాలికయైనను ఒకటే. మీసము లేని కృష్ణునకు ఆ భేదము ఎందులకు?

ఇక సత్యభామ. ఈ వేషము ఎవరు వేయదగును అను ప్రశ్న మన సంఘములో పుట్టినది కాదు. మూడు వందల యేండ్లకు పైబడిన ఈ కళలో మరల మరల లేచిన ప్రశ్నయే. సిద్ధేంద్రయోగి కూచిపూడి బ్రాహ్మణ కుటుంబముల బాలురచేత ఈ నాటకము ఆడించి, ప్రతివాడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము ధరించునట్లు నియమము చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ ఊర స్త్రీవేషము పురుషునకు విద్యాపరీక్ష. ఆ పరీక్షలో మన కాలమున తలమానికమై నిలిచినవారు వేదాంతం సత్యనారాయణ శర్మగారు. చింతా కృష్ణమూర్తిగారి సారథ్యమున వేంకటరామ నాట్యమండలి ప్రదర్శనలలో ఆయన సత్యభామగాను, ఉషగాను దేశమంతట పేరు పొందిరి. 1961లో, ముప్పది యేండ్లయినను నిండకమునుపే, సంగీత నాటక అకాడమి పురస్కారమును, 1970లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. ఆయన సత్యభామను చూచి, ఇంటికి వచ్చి అద్దము ముందు ఆ నడక అభ్యసించిన స్త్రీలు ఉండిరని పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు.

నాటకరంగమున ఇట్టి కీర్తియే స్థానం నరసింహారావుగారిది. బాపట్లలో హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి వేషధారి రానందున, అనుకోకుండ ఆ వేషము ధరించి, 1920 ప్రాంతమున ఆయన రంగప్రవేశము చేసిరి. పిమ్మట శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా తెలుగునాట ఇంటింట తెలిసినవారైరి. 1956లో పద్మశ్రీ అందుకొనిరి. ఒకరు రాకపోవుట మరియొకరికి రాజమార్గమైన ఈ వృత్తాంతమును కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని కలదు.

అయితే, సత్యభామ పురుషుల సొత్తు అనుకొనుట చరిత్రకు న్యాయము కాదు. గోదావరి మండలములలో కళావంతుల స్త్రీలు తరతరములుగా భామాకలాపమును ఆడిరి. వారి అభినయము, వారి పాట, వారి పాండిత్యము ఈ కళకు సగము ఆస్తి. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము వచ్చినది. ఆ సంస్కరణ వెనుక సదుద్దేశము ఉన్నను, తరతరముల విద్య గల స్త్రీలకు రంగస్థలము దూరమైనది. వేషము వారి ఒంటినుండి జారినది గాని, వారిచ్చిన వన్నె నాటకమున నిలిచియే యున్నది. పాత్రల ఎంపిక మాటాడునపుడు, ఎంపికయే కాకుండ తొలగింపబడినవారిని తలచుట మన ధర్మము.

కూచిపూడి గురువులలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు విద్య నేర్పి త్రోవ తీసిరి. ఆ త్రోవను రాజబాట చేసినవారు వెంపటి చినసత్యంగారు. 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమి స్థాపించి, నృత్యనాటకములను నూతన రీతిలో కూర్చి, స్త్రీలకు నాయికల పాత్రలు ఇచ్చిరి. పురుషపాత్రలను సైతము స్త్రీలచే ధరింపజేసిరి. ఆ నాటకములకు సంగీతము సమకూర్చినవారిలో ప్రముఖులు పట్రాయని సంగీతరావుగారు. మన రైలుమార్గమునకు దాపునగల శ్రీకాకుళ, విజయనగర ప్రాంతపు మనిషి. అనకాపల్లిలో పుట్టిన శోభానాయుడుగారు చినసత్యంగారి శిష్యురాలై సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా కీర్తి గడించిరి. 2001లో పద్మశ్రీ పొంది, 2020లో కన్నుమూసిరి. అంతకుమునుపే, 2012లో, నాలుగు నెలల వ్యవధిలో చినసత్యంగారును, సత్యనారాయణ శర్మగారును పోయిరి. స్త్రీని సత్యభామగా నిలిపిన గురువు, పురుషుడై సత్యభామగా నిలిచిన నటుడు, ఒకే సంవత్సరమున మనకు దూరమైరి. ఆ ఇరువురిలో ఎవరిది సరియైన సత్యభామ అని తగవుపడుట అద్దములో అందము చూచుకొని తగవుపడుట వంటిదే.

ఈ ప్రశ్నకు సమాధానము మనము నివసించుచున్న ఛత్తీస్‌గఢ్ మట్టిలోనే కలదు. మనలో చాలమంది ఇచ్చట ముప్పది యేండ్లు ఉద్యోగము చేసియు, ఇచ్చటి కళలను పొరుగింటి పెండ్లివలె దూరమునుండి చూచుచున్నాము. ఈ గ్రామములలో రాత్రియెల్ల జరుగు నాచాలో స్త్రీవేషధారులైన పురుషులు ఆడిపాడుదురు. వారిని "పరీ" యందురు. అదే నేలలో తీజన్‌బాయిగారు పండవానీ కథ చెప్పుచు, ఒక్క తంబూరను ఒకమారు భీముని గదగా, ఒకమారు అర్జునుని ధనుస్సుగా చేసి, భారతమంతటిని ఒక్క స్త్రీ భుజములపై మోయగలనని నిరూపించిరి. ఆ సేవకు 2019లో పద్మవిభూషణ పురస్కారము లభించినది. పురుషుడు పరీ యగుట, స్త్రీ భీముడగుట రెండును చూచి ఆనందించిన ప్రజల నడుమ మనమున్నాము. కనుక మన సంఘమున ఒక యువకుడు సత్యభామ వేషమునకు ముందుకు వచ్చినచో నవ్వరాదు. అతనిని హాస్యమునకు ఎన్నుకొనరాదు. ఆ వేషము మోయగలడేని వేయనిండు, మోయలేడేని మానిపింపుడు. బాలికలకును అదే కొలత.

ప్రతిభ ఎచ్చట దొరకునో రాయగఢ్ రాజు చక్రధర్ సింగ్‌గారిని చూచి నేర్చుకొనవచ్చును. ఆయన తన ఆస్థానమునకు జైపూరు, లక్నో ఘరానాల కథక్ గురువులను రప్పించెను. కాని శిష్యులను అంతఃపురములలో వెదకలేదు. కార్తిక్‌రామ్, కల్యాణ్‌దాస్ వంటి పల్లెటూరి బాలురను తెచ్చి, వారిని విద్వాంసులుగా తీర్చెను. నేడు రాయగఢ్ కథక్ అని మనము చెప్పుకొను సంప్రదాయము ఆ బాలుర కాళ్లపై నిలిచినది.

ఈ మాట మన సంఘమునకు ఎందులకు చెప్పుచున్నానో మీరు గ్రహించియే యుందురు. మనమందరము ప్రభుత్వోద్యోగులము. సీనియారిటీ మన రక్తములో ఇంకిపోయినది. ఫైలు క్రిందినుండి పైకి పోవును, ఆజ్ఞ పైనుండి క్రిందికి వచ్చును. కార్యాలయమున అది సక్రమమే. కాని అదే వరుస రంగస్థలము ఎక్కినచో, పెద్ద అధికారిగారి అమ్మాయి సత్యభామయు, సెక్షన్ అధికారిగారి అమ్మాయి కృష్ణుడును, ట్రాక్‌మన్‌గారి అమ్మాయి తెర పట్టుకొనునదియు అగును. ఎవరును అట్లు చేయుమని చెప్పరు. అధికారులును కోరరు. పలువురు ఇట్టి మర్యాదలకు నొచ్చుకొనువారే. మనమే ముందుగ ఊహించుకొని చేయుదుము. దానివలన ఇద్దరు పిల్లలకు అన్యాయము జరుగును: తగియుండియు వేషము దొరకని పిల్లకు ఒకటి, తగకయే దొరకిన పిల్లకు మరియొకటి. రెండవ పిల్ల ఆ రాత్రి ఐదు వందల మంది ఎదుట, తన తప్పు కాని తప్పునకు తలవంచుకొని నిలువవలసి వచ్చును.

ఇందుకు ఉపాయము చిన్నది. పరీక్షకులుగా మన కార్యాలయములతో సంబంధము లేనివారిని పిలువవలెను. ఖైరాగఢ్‌లో 1956లో స్థాపింపబడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయము మనకు దూరము కాదు. నృత్యము, సంగీతము శాస్త్రీయముగ బోధింపబడు చోటు. అచ్చటి విద్వాంసులను ఒకరిద్దరిని ప్రార్థించినచో వత్తురు. అభ్యర్థుల పేర్లకు మారు అంకెలు ఉంచి, తండ్రి హోదా గాని, క్వార్టరు రకము గాని కాగితముమీద వ్రాయకుండ ఎంపిక జరుపవలెను. వారికి తెలుగు రాదు గనుక వాచికమును మాత్రము మనలోని ఇద్దరు పెద్దలు తెర వెనుక కూర్చుండి, ముఖము చూడక, గొంతు విని పరీక్షింపవలెను.

వాచికము అన్నాను గనుక, అన్నిటికంటె నా మనస్సున మెదలుచున్న సంగతి ఇప్పుడు చెప్పెదను. మన పిల్లలు ఇచ్చటనే పుట్టిరి, హిందీలో చదువుకొనిరి. ఇంట తెలుగు మాటాడుదురు గాని, అక్షరములు రానివారు చాలమంది. అందుచేత నేడు అనుసరింపబడు సులభోపాయమేమనగా, పాటలు, సంభాషణలు ముందుగనే రికార్డు చేయించి, దానికి పెదవులు కదుపుట. ఒక ఊరిలో ఇట్టి ప్రదర్శన ఒకటి చూచితిని. ఊరి పేరు అక్కరలేదు. లేఖ వ్రాయు ఘట్టమున రికార్డు ఆగిపోయినది. సత్యభామ వేషము ధరించిన బాలిక చేతిలో ఆకు పట్టుకొని రెండు నిమిషములు అట్లే నిలిచెను. ఆమెకు అభినయము వచ్చును, మాట రాదు. ఎవరి మాటలకు తాను ఏడ్చుచున్నదో ఆమెకు తెలియదు. యంత్రము మరల మ్రోగగనే మరల ఏడ్చెను. సభ చప్పట్లు కొట్టెను గాని, నాకు ఆ మౌనమే నేటికిని వినబడుచున్నది.

రాయపూరులో పుట్టిన హబీబ్ తన్వీర్‌గారు ఈ విషయమున గొప్ప పాఠము చెప్పిరి. నాచా కళాకారులను తన నాటకములకు ఎన్నుకొనినపుడు, మొదట వారిచే హిందీ పలికించిరి. గ్రామములో సింహముల వలె ఆడువారు రంగముమీద పిల్లులైరి. వారి నోట వారి ఛత్తీస్‌గఢీనే ఉంచిన పిమ్మట ఆ గొంతులు విప్పారినవి. 1973లో ఈ రాయపూరులోనే నాచా కళాకారులతో ఆయన జరిపిన శిబిరము ఆ త్రోవలో ఒక మైలురాయి. 1975 నాటి చరణ్‌దాస్ చోర్ 1982లో ఎడింబరో ఉత్సవమున బహుమానము పొందినది. స్కాట్లండు ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ వచ్చునా? రాదు. అయినను తన మాట తాను పలుకుచున్న మనిషిని గుర్తించుటకు భాష రానక్కరలేదు.

"అట్లయిన మన పిల్లల మాట హిందీయే గదా, వారిచే హిందీలోనే ఆడింపరాదా?" అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. నా సమాధానము ఇది. మన పిల్లలకు రెండు మాటలున్నవి. ఒకటి బడి మాట, ఒకటి అమ్మమ్మ మాట. అమ్మమ్మ మాట పోలేదు, నిద్రించుచున్నది. పలాస, టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతములనుండి వచ్చిన మన పెద్దలు ఇంట మాటాడు తెలుగు మాధవి నోట ఎంత అందముగ ఒప్పునో ఊహింపుడు! సత్యభామ దరువులు, పద్యములు ఉన్న రీతినే పాడవలెను. మాధవి సంభాషణ మాత్రము సంప్రదాయమున సైతము సమయమునకు తగినట్లు మారునదే. అందు మన ఉత్తరాంధ్ర నుడి వినిపింపవచ్చును. స్థానికులైన అతిథులకొరకు సూత్రధారుడు నడుమ నడుమ హిందీలోనో, ఛత్తీస్‌గఢీలోనో కథ చెప్పవచ్చును. కాని సత్యభామ తన లేఖను తన గొంతుతో తెలుగున చదువవలెను. తడబడినను సరే. రికార్డు తడబడదు గనుకనే అది మనిషి కాదు.

అందుచేత ఎంపిక పరీక్షలో ఒక నియమము ప్రతిపాదించుచున్నాను. సత్యభామకు నిలుచు అభ్యర్థి ఒక దరువు ఆడవలెను, ఒక లేఖను పైకి చదివి దాని అర్థము తన మాటలలో చెప్పవలెను. తెలుగు అక్షరములు రావేని నాగరి లిపిలో వ్రాసికొని చదువవచ్చును. అర్థము మాత్రము తప్పనిసరి. ఈ ఆరు నెలలలో ఆ లేఖకొరకై ఒక్క పిల్ల తెలుగు అక్షరములు నేర్చినను, మన ప్రదర్శన సఫలమైనట్లే.

వయస్సును గురించి ఒక మాట. సత్యభామ యనగా పదునెనిమిదేండ్ల పిల్లయే యని అనుకొనవలదు. పాశ్చాత్యుల బాలే నాట్యమున శరీరమునకు పెట్టు పరీక్ష ఎంత కఠినమో మీకు తెలియును. అచ్చట సైతము 1962 ఫిబ్రవరిలో లండనున జిజెల్ అను నాట్యమున, నలువది రెండేండ్ల మార్గో ఫాంటేన్ ఇరువది మూడేండ్ల రుడాల్ఫ్ నురియెవ్‌తో కలిసి పల్లెపడుచుగా ఆడినది. ఇక విరమించునని లోకము అనుకొనుచుండిన ఆమెకు ఆ జంట రెండవ యౌవనము ఇచ్చినది. మన సంఘమున చిన్ననాట నాట్యము నేర్చి, పెండ్లి, బదిలీలు, బిడ్డల చదువులు అను మూడింటి నడుమ గజ్జెలను పెట్టెలో పెట్టిన తల్లులు కలరు. ఆ పెట్టెలు తెరువుడు. అభిమానము, అలుక, పశ్చాత్తాపము అనువానిని అనుభవించి యెరిగినవారు మీరు. మీ కూతుళ్లు మీ ప్రక్కన పరీక్షకు నిలుచుట మీకును శోభయే, వారికిని శోభయే.

ఒకే రాత్రి సత్యభామను నలుగురికి పంచవలెనను సూచన కూడ వచ్చినది. ప్రవేశము ఒకరు, విరహము ఒకరు, లేఖ ఒకరు, కలహము ఒకరు. నలుగురు తల్లిదండ్రులు సంతోషింతురు, నిజమే. కాని ముందు చెప్పినట్లు, తల ఎత్తి నడచిన పాదములే తడబడవలెను. నాలుగు జతల పాదములైనచో అది కథ గాక ఊరేగింపగును. అంతకంటె రెండు రాత్రులు ప్రదర్శించి, రాత్రికి ఒక సత్యభామను నిలుపుట మేలు. ఖర్చు పెరుగును. తెర, దీపములు, మద్దెల, వయొలిన్ విద్వాంసుల సంభావన రెట్టింపగును. అయినను రెండవ రాత్రికి మన ఛత్తీస్‌గఢీ సోదరులను, వారి కుటుంబములను పిలిచినచో ఆ వ్యయము వృథా కాదు.

రెండవ సత్యభామ ఉండుటకు మరియొక కారణము కూడ కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు దానిని వివరింపనక్కరలేదు: బదిలీ ఉత్తర్వు. సత్యభామ నాన్నగారికి బిలాసపూరు గాని, నాగపూరు గాని, గౌహతి గాని వచ్చినచో, ముక్కరయు, జడయు వారితోడనే రైలెక్కును. కనుక ప్రతి ముఖ్యపాత్రకును ఇద్దరిని సిద్ధపరుపవలెను. రెండవవారిని "ఎదురుచూచువారు" అని చిన్నబుచ్చరాదు. వారికి ఒక పూర్తి రాత్రి ఉండవలెను. చంద్రమతి వేషధారి రాని రాత్రి బాపట్ల సభలో స్థానంవారు సిద్ధముగ లేకున్నచో, తెలుగు రంగము ఎంత నష్టపోయెడిదో తలచుకొనుడు. మరియు వార్షిక పరీక్షల కాలమైన ఉగాదిని విడిచి దీపావళిని ఎన్నుకొనినందులకు కార్యవర్గమును అభినందించుచున్నాను. నరకునిపై విల్లు ఎక్కుపెట్టిన సత్యభామ పండుగ అదియే గదా!

నా ప్రతిపాదనలను క్రోడీకరించెదను. మొదటిది, మాధవి ఎంపిక ముందు జరుగవలెను, వయస్సుతో నిమిత్తము లేదు. రెండవది, బయటి విద్వాంసులు పేర్లు తెలియక పరీక్షింపవలెను. మూడవది, సత్యభామ తన గొంతుతో తన తెలుగు పలుకవలెను, రికార్డు వలదు. నాలుగవది, స్త్రీ పురుష భేదము గాని, హోదా భేదము గాని పాటింపరాదు. ఐదవది, ముఖ్యపాత్రలకు ఇద్దరేసి, రెండు రాత్రులు. ఆరవదిగా ఒక కోరిక: తెర పట్టువారి పేర్లు సైతము కార్యక్రమ పత్రమున అచ్చు వేయింపుడు. ఆ తెర లేనిదే జడ వ్రేలాడుటకు చోటు లేదు.

వేషము దొరకనివారికి నా వంటి వెనుక వరుస మనిషి చెప్పు మాట ఒక్కటే. చూచువాడు లేనిదే ఆట లేదు. అర్థము చేసికొని చూచుట కూడ ఒక పాత్రయే. ఆ పాత్రకు ఎంపిక పరీక్ష లేదు, బదిలీ లేదు, పదవీవిరమణ అసలే లేదు. మీలో ఎవరు సత్యభామ యైనను, ఎవరు మాధవి యైనను, ఆ రెండు రాత్రులును నా పాత్ర నాకు ఖాయమే.